మగ్దలేనమ్మ తలాపున బొచ్చుచెట్టు

సమాధుల తోట కాపలాదారు తోమాసు సున్నంలో కుంచె ముంచి ఇంకో సమాధికి పూశాడు. రేపు సమాధుల పండుగ. తెల్లారేసరికి చెన్నూరు మెథడిస్టు సంఘమంతా బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వస్తుంది. అంతలోగా కంప కొట్టాలి, కుంగినచోట మట్టి పొయ్యాలి, అన్నిటికీ వెల్ల వెయ్యాలి. గుంతలు తవ్వీ తవ్వీ ఆయన నడుము ఎప్పుడో వంగింది. అరచేతులు సున్నానికి పగిలి, కడిగినా తెలుపు వదలడం లేదు. నోటిమాట మాత్రం ఎవరికీ వంగలేదు.

వెనక గోడ పక్కన ఆయన భార్య మగ్దలేనమ్మ సమాధి. దాని తలాపున నడుమెత్తు చెట్టు ఒకటుంది. ఆకు లేదు, కొమ్మ లేదు. నిలువుగా గాడులు పడిన పచ్చటి దిమ్మ, ఒంటినిండా ముళ్లు. ఆమె మిషను ఆసుపత్రిలో ఆయాగా ఉన్నప్పుడు, ఊరు విడిచి వెళ్తున్న నర్సు ఒకామె బొటనవేలంత ముక్క చేతిలో పెట్టింది. చెట్టు పేరు ఆ నర్సు చెప్పలేదు, ఈమె అడగలేదు. నూనె డబ్బాలో పెంచింది. పిల్లల్లేని ఆ ఇంట్లో డబ్బాకు జరిగిన గారాబం అంతా ఇంతా కాదు. ఆమె పోయాక తోమాసు దాన్ని తెచ్చి ఇక్కడ నాటాడు. ఈ యేడు కొత్తగా, ఒక పక్కన మాత్రం, పైనుంచి తెల్లటి బొచ్చు దిగింది.

అదే కొంప మీదికి తెచ్చింది. గోడకు అవతలి పత్తిచేను సంఘం కార్యదర్శి బెంజమిన్‌ది. నిరుడు తెల్లటి దూదిలా కమ్మే పిండినల్లి పురుగు పట్టి సగం పంట పోయినవాడు. అలాంటివాడికి తెల్ల బొచ్చు కనబడితే ఇంకేం తోస్తుంది?

“కాకా, గది పిండినల్లే. పొద్దుగూకేలోపు పీకి కాలబెట్టు. నా చేన్లకొస్తే ఆగమైత,” అన్నాడు గోడ మీదుగా వంగి.

“నల్లి గాదు. దాని ఒంటి బొచ్చే.”

“నీకెట్ల ఎరుక?”

“ఎరుక లేదు. సూస్త. సూడకుంట మాత్రం పీక.”

“సంఘం మాటకు ఎదురు జెప్తవా?”

“జెప్త. పీకుడే అయితే ముందు నన్ను పీకి ఆమె పక్కన పండబెట్టు.”

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. బెంజమిన్ తల కొట్టుకుని, “మా కోడలిని తోలుత. బడిల సైన్సు జెప్తది. ఆమె నల్లి అన్నదంటే నేనే పీకుత,” అని వెళ్లిపోయాడు.

తోమాసు చెట్టు ముందు గొంతుకూర్చున్నాడు. ఒంటరిగా మిగిలాక భయమేసింది. పత్తి ఏరిన చేతులే ఆయనవీ. నిజంగా నల్లే అయితే, పక్కవాడి కడుపు కొట్టి దీన్ని బతికించుకోవడం న్యాయమా? బొచ్చు కొంచెం తుంచి వేళ్ల మధ్య నలిపాడు. నల్లి అయితే జిగటగా అంటుకుంటుంది. ఇది పొడిగా ఉంది. నల్లి ఉన్నచోట చీమలు బారులు తీరతాయి. మొదలు దగ్గర ముక్కు పెట్టి వెతికినా ఒక్క చీమ లేదు. అప్పుడు కొంచెం ఊపిరాడింది.

బడి వదిలాక బెంజమిన్ కోడలు షారోన్ వచ్చింది. వెనకే మామ కూడా వచ్చాడు. ఆమె జడపిన్నుతో బొచ్చు ఎత్తి చూసింది. ముళ్లు మొలిచిన బుడిపెల్లోంచే బొచ్చూ మొలిచింది. కింద గీకితే పాలు కారలేదు, నీటి చెమ్మ మాత్రమే వచ్చింది.

“నల్లి గాదు మామా. పాలు లేవంటే మన బొంతజెముడు గూడ గాదు. కాక్టసే. కొన్నిటికి ఈడొచ్చినంక పూలు పూసే పక్కకే గిట్ల బొచ్చొస్తదట తాతా, మొగ్గలను కాపాడేతందుకు.”

“అంటే పూస్తదా బిడ్డా?” ముసలాడు చెట్టు దగ్గరికి జరిగాడు. మగ్దలేనమ్మ దీని పువ్వు చూడకుండానే పోయింది.

“పూస్తదేమో. పేరు మాత్రం తేలుతలేదు. ఫోన్ల ఒక్కో ఫొటోకు ఒక్కో పేరు జూపిస్తది. పువ్వు జూస్తెనే చెప్పగలం.”

బెంజమిన్‌కు నిరుటి దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. “పేరే తెల్వనిదాన్ని ఎట్ల నమ్మాలె? పీకుడే మంచిది.”

తోమాసు లేచి నిలబడ్డాడు. ఇంత కోపం ఆయనకు చాలా ఏళ్లుగా రాలేదు.

“గీ గోడ పొంటి గత్తర రోగమొచ్చి పోయినోళ్లున్నరు. ఒక్కరి పేరన్న ఎరుకనా నీకు? పేరు తెల్వదని పీకి పారేసినమా? ఏటేటా సున్నమేస్తలేనా?”

బెంజమిన్ గోడవైపు ఒకసారి చూశాడు. “రేపు పెద్దలొస్తరు గదా, వాళ్లే తేలుస్తరు,” అని గొణిగి, కోడలిని తీసుకుని వెళ్లాడు.

రేపు తేల్చేదేమిటి! తోమాసు ఒంటరిగా మిగతా వెల్ల అంతా పూర్తిచేశాడు. ఆ తర్వాత చాలాసేపు సుత్తె చప్పుడు వినిపించిందని దారిన పోయినవాళ్లు చెప్పారు.

తెల్లారి పూలతో వచ్చినవాళ్లకు ఆయన భార్య సమాధికి ఆనుకుని కూర్చుని కనిపించాడు. షారోన్ చేయి పట్టుకుని చూస్తే చల్లగా ఉంది. సాయంత్రం ఆయన్ని ఆమె పక్కనే పడుకోబెట్టారు. గుంత బెంజమినే తవ్వాడు, చెట్టు వేరుకు గడ్డపార తగలకుండా ఒక పక్కకు జరిగి తవ్వాడు. పెద్దలెవరూ చెట్టు ఊసెత్తలేదు. దాని మొదట్లో కొత్తగా పాతిన చెక్క ఉంది. సున్నం పూసిన ఆ చెక్క మీద, నీలిమందులో వేలు ముంచి దిద్దిన వంకర అక్షరాలు: “పేరు తెల్వది. పీకొద్దు.”