గడప లేని బ్యాంకు

రెండు వేల సంవత్సరంలో హనుమంతు చేతిలో ఉన్నవి: కృష్ణానగర్‌లో కిరాయి గోడౌను, సినిమా సెట్లకు అద్దెకిచ్చే పాత సామాను, బోరబండ జాగా అమ్మగా వచ్చిన రెండు లక్షల పదివేలు. ఆ డబ్బును వినీల బ్యాంకులో వేశాడు. దానికి శాఖ లేదు, కౌంటరు లేదు, పాస్‌బుక్కు లేదు. అంతా ఇంటర్నెట్టే. జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె బంగళాలో పదిమంది కుర్రాళ్ళు మొదలుపెట్టారు. బిల్డింగుల ఖర్చు లేదు గనుక నూటికి పదకొండు వడ్డీ ఇస్తామన్నారు. లెక్క సరిగానే తోచింది. ఖాతా తెరిచిపెట్టింది పక్కసందులో నెట్ సెంటర్ నడిపే శ్రీకృష్ణ. అతనూ తన డబ్బంతా అందులోనే దాచాడు.

ఏడాది తిరిగాక ఆ బ్యాంకు ప్రకటన తీయడానికి ఫిల్మ్‌నగర్‌లో సెట్ వేయించింది. పాతకాలపు బ్యాంకు, పొడుగాటి క్యూ. చూసి జనం నవ్వాలి. ప్రకటన చివర్లో కనపడాలని తలుపు మీద వినీల పేరు రాయించారు. కౌంటరు, కుర్చీలు హనుమంతువే. కంప్యూటరూ అతనిదే, ఉత్త డొల్ల. తనే స్క్రూలు విప్పి లోపలిదంతా తీసేశాడు. బుధవారం ఒక్కరోజే షూటింగ్.

గురువారం పొద్దున సామాను తెచ్చుకోవడానికి వెళ్తే క్యూ అలాగే ఉంది. షాట్ మిగిలిపోతే జూనియర్ ఆర్టిస్టులు మర్నాడు అవే బట్టల్లో, అవే చోట్లలో నిలబడాలి. కంటిన్యుటీ అంటారు. అదే అనుకున్నాడు.

"ఏందన్నా, ఇంకా ప్యాకప్ చెప్పలేదా? బత్తా డబల్ అడుగుండ్రి!"

ఒక్కరూ నవ్వలేదు. కెమెరా లేదు, లైట్లు లేవు. అందరి చేతుల్లో నెట్ సెంటర్లో తీయించిన ఖాతా కాగితాలు. క్యూ చివర శ్రీకృష్ణ.

"నువ్వేంది గీడ?"

"సోమవారం నుంచి నిలబడ్డామండీ. రండి, మీ చోటు ఆపి ఉంచాను."

సెట్ వేసిందే మంగళవారం. హనుమంతు కౌంటరు దగ్గరికి నడిచాడు. డొల్ల కంప్యూటరు వెలుగుతోంది. దాని ప్లగ్గు నేల మీదే పడి ఉంది. తెర మీద అతని పేరు, వడ్డీతో సహా నిల్వ, కింద రాబోయే సోమవారం తేదీ. ఆ రోజు నుంచి చెల్లింపులు నిలిపివేయడమైనదని రాసి ఉంది.

ఆటో పట్టుకుని నెట్ సెంటర్‌కు వచ్చాడు. శ్రీకృష్ణ తన కుర్చీలోనే ఉన్నాడు, ముందు సగం తాగిన టీ.

"ఎప్పుడొచ్చినవ్ ఈడికి?"

"పొద్దుట్నుంచి సీట్లోంచి లేవలేదండీ. ఏంటి, దెయ్యాన్ని చూసినట్టున్నారు?"

"నా పైసలన్నీ తీసెయ్. నీవి కూడా జర తీసుకో."

"వచ్చేనెల వడ్డీ పెంచుతున్నారండీ! మీకేమైనా పిచ్చా?"

హనుమంతు ఇంకో మాట అనబోయి ఆగాడు. గట్టిగా చెబితే ఇతను పదిమందికి చెబుతాడు. పదిమంది ఎగబడితే తనకు రావాల్సిన డబ్బు ఆగిపోతుంది.

ఆ పూటే శ్రీకృష్ణ చేత నెట్‌లో అడిగించిన డబ్బుకు, వేరే బ్యాంకు మీద రాసిన డ్రాఫ్టు శనివారం కొరియర్లో వచ్చింది. మధ్యాహ్నంలోగా మార్చుకున్నాడు. ఆదివారం నెట్ సెంటర్ ముందు నుంచి రెండుసార్లు నడిచాడు గానీ లోపలికి వెళ్ళలేదు. ఇప్పుడు చెప్పినా ఫాయిదా లేదనుకున్నాడు.

సోమవారం వినీల బ్యాంకు మూతపడింది. వెబ్‌సైటు తెరుచుకోలేదు, బంగళాకు తాళం. డబ్బు పోయినవాళ్ళకు కొట్టడానికి ఒక తలుపు కావాలి. ఊరు మొత్తంలో ఆ పేరున్న తలుపు ఫిల్మ్‌నగర్ సెట్లోది ఒక్కటే; క్యూ అక్కడే కట్టారు. శ్రీకృష్ణ నెట్ సెంటర్ షట్టరు కిందికి దించి ఉంది.

హనుమంతు సామాను కోసం మళ్ళీ అటు పోలేదు. కూర్చుని లెక్క కట్టాడు. వచ్చిన వడ్డీ ఇరవై మూడు వేల నూరు. వదిలేసిన కౌంటరు, కుర్చీలు, కంప్యూటరు, రాని అద్దె కలిపి ఆరు వేల ఆరు వందలు పోగా నికర లాభం పదహారు వేల ఐదు వందలు.