వెలుతురు తగలకూడని సీసా

ఒరేయ్ బన్నీ, ఇలా రా. ఫోనులో ఎవడో చెప్పాడని పరగడుపున వెల్లుల్లి నమిలి వీధంతా కంపు కొట్టిస్తావు చూడు, నీకంటే పెద్ద వెధవ కథ చెబుతాను. కూర్చో. కాస్త దూరంగా కూర్చో.

మీ అక్క ప్రణతి చదువు సంగతి తెలుసుగా? మనుషుల్ని చంపే గాలిని మందు చేస్తుందట! కార్బన్ మోనాక్సైడ్. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే మళ్ళీ లేవనివ్వదే, అదే. నాకు నవ్వాగలేదు.

"అమ్మడూ, ముప్పై ఏళ్ళు షూటింగ్ జనరేటర్ పొగ పీలుస్తూ లైట్లు మోశాను. ఆ లెక్కన ఫిల్మ్‌నగర్ మొత్తానికి నా అంత ఆరోగ్యవంతుడు ఉండకూడదే!"

"అదే తేడా బాబాయ్. ఆ గాలి కాస్త మన ఒంట్లోనూ తయారవుతుంది. దాన్ని ఒక అణువుకి కట్టేసి, వాపున్న చోట కొద్దికొద్దిగా వదిలేలా చెయ్యాలి. మాది వెలుతురు తగిలితే వదులుతుంది. ఇంకా ఎలుకల దాకానే వచ్చాం."

"ఎలుకలకా వైద్యం? బోరబండలో బోలెడున్నాయి, క్యూ కట్టించనా?"

అట్టముక్కల కోట మీద లైటు కొట్టి రాజమహలు చేసినవాణ్ణి. తెల్లకోటు తగిలిస్తే చాలు జనం నమ్మేస్తారని నాకు తెలీదా? డాక్టర్లూ అంతే. షుగర్ పరీక్ష చేయించుకోమని మీ పిన్ని సత్యలక్ష్మి మూడు నెలలు పోరింది. సూదంటే నాకు చచ్చేంత భయం. పక్కింటాయన రిపోర్టు తెచ్చి చూపించి, "అంతా బ్రహ్మాండంగా ఉందట" అన్నాను. పాపం, నమ్మేసింది. అరికాళ్ళు మొద్దుబారుతున్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆదివారం మీ అక్క, చపాతీలు చుట్టే ఫాయిల్ కాగితం చుట్టిన సీసా ఒకటి తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టింది.

"ఎనిమిది నెలల కష్టం బాబాయ్. వెలుతురు తగిలిందా, గాలి వదిలేస్తుంది. పీలిస్తే వెంటనే రక్తం పరీక్ష చేయించాలి. మధురానగర్‌లో మా స్నేహితురాలు డాక్టర్ మనోజ్ఞ ఉండే ఆస్పత్రి ఒక్కటే దానికి దిక్కు. ముట్టుకోకు!"

ముట్టుకోకు అన్నాక ముట్టుకోకపోతే నేను నేనెందుకవుతాను? ఆడవాళ్ళిద్దరూ బజారుకని బయల్దేరగానే కాగితం ఊడబీకాను. లోపల పచ్చటి నీళ్ళు. ఓస్, ఇంతేనా! అటక మీది స్టూడియో లైటు దింపి, ఎదురుగా వెలిగించి, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

చేదు వాసన. ఎక్కడో ఎరిగిన వాసనే. అంతలో ఎనిమిది నెలల కష్టం గుర్తొచ్చింది, ఆ వెంటనే కుంపటి గుర్తొచ్చింది. తల గిర్రున తిరిగింది. గుండె తీన్మార్ కొట్టింది. వీధిలోకి పరిగెత్తి ఆటో ఆపాను.

"ఏమైంది పెద్దాయనా?"

"గాలి పీల్చానయ్యా! అణువు వదిలిన గాలి! ఆస్పత్రికి పద!"

"గాలి తలకెక్కిందా? ఫికర్ జెయ్యకు, ఎర్రగడ్డకే తీస్కపోతా."

"పిచ్చి కాదురా నాయనా! మధురానగర్!"

ఆస్పత్రిలో చొక్కా చెయ్యి నేనే మడిచి, "తియ్యండమ్మా రక్తం! ఎంత కావాలంటే అంత!" అని అరిచాను. తీశారు. కాసేపటికి డాక్టర్ మనోజ్ఞ కాగితంతో వచ్చింది.

"వాసనేమైనా వచ్చిందా అండీ?"

"వచ్చింది తల్లీ. చేదుగా."

"ఆ గాలికి వాసనే ఉండదండీ. గాలి సంగతి సరే, మీ షుగర్ మూడు వందల ఎనభై ఉంది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

ఆవిడ వెనక బెంచీ మీద, బజారుకెళ్ళిన ఆడవాళ్ళిద్దరూ తీరిగ్గా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

"మెంతులు నానబెట్టిన నీళ్ళు బాబాయ్," అంది మీ అక్క. "ల్యాబ్ సీసాని ఎవరైనా ఇంటికి తెస్తారా?"

మీ పిన్ని తలైనా ఎత్తలేదు. "పక్కింటాయన రిపోర్టులో వయసు ముప్పై రెండని ఉందండీ," అంది. "మీరు చూపించిన రోజే చదివాను."