జ్ఞాపకార్థం అరలో బతికున్న మనిషి

"ఊరికే కూసోని మీటలు నొక్కేదే కదా, పప్పు ఎనిపినంత సేపు పట్టదు" అన్నాడు దేవపాలు. సంఘానికి వెబ్‌సైటు చేసిపెడతానని పాస్టరుగారి ముందు తాను ఒప్పుకొని, ఇంటికొచ్చి ఆ పని భార్యకు అప్పగిస్తూ అన్న మాట అది. కరుణమ్మ అప్పుడు నిజంగానే పప్పుగుత్తితో పప్పు ఎనుపుతూ ఉంది.

ప్రొద్దుటూరులో వాళ్ల సందు మొదట్లోనే ఖమ్రున్నీసా డీటీపీ అంగడి. మధ్యాహ్నం గిన్నెలు కడిగి, మామగారికి మాత్రలిచ్చి, ఆయన కునుకు తీసే వేళ కరుణమ్మ ఆ పని నేర్చుకోను అక్కడికి పోయేది.

"పేజీ అంటే గోడక్కా, కదలదు. పోస్టంటే గోడకు అంటించే నోటీసు, దినామూ మారతాది. క్యాటగిరీలంటే బీరువాలో అరలు. ఏది ఏ అరలో పెట్టాల్నో నీకు నేను చెప్పాల్నా? ఇన్నేండ్లు సంసారం చేస్తాండావు!" అని నవ్వేది ఖమ్రున్నీసా.

అరలు కుదిరాయి. ఆరాధన వేళలు, ప్రసంగాలు, స్త్రీల సమాజం, జ్ఞాపకార్థం. ఈ చివరి అరలో ఏ ఫోటో పెట్టినా పక్కన కొవ్వొత్తి వెలిగేట్టు అమర్చారు. కరుణమ్మ ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చొని ప్రసంగాలన్నీ విని టైపు చేసింది. కళ్లు మండేవి. అన్నం అడుగంటితే మామగారు "కంప్యూటరు కూడు పెడతాదా?" అనేవాడు. ఆదివారం పాస్టరుగారు "మన సెక్రటరీ దేవపాలుగారు ఎంతో ప్రయాసపడి..." అంటే అందరూ చప్పట్లు కొట్టారు. దేవపాలు వినయంగా తల వంచాడు. దేవుడు చూస్తున్నాడు కదా అనుకొని ఆమె పాటల పుస్తకం తెరిచింది.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో పార్టీని నడిపే సిద్దన్న చర్చికి ప్రహరీ గోడ కట్టించాడు. ఆయన ఫోటో పెట్టమన్నాడు దేవపాలు. ఏ అరలోనో చెప్పలేదు. ఆ చర్చిలో ఫ్యాను రెక్కల మీద, బల్లల మీద, గడియారం కింద ఉండేవన్నీ పోయినవాళ్ల పేర్లే. చర్చికి ఏదిచ్చినా వాళ్ల గుర్తుగానే ఇస్తారు. కరుణమ్మ మరో ఆలోచన లేకుండా సిద్దన్నను జ్ఞాపకార్థం అరలో పెట్టింది.

మరునాడు పొద్దున సిద్దన్న మనిషి తిప్పన్న వాళ్ల ఇంటి ముందు జీపు దిగాడు.

"ఏం సారూ, మా అన్నను సంపినారే! ఆయప్ప పులివెందుల మీటింగులో ఉండి ఫోను తీయకపాయ. ఫోన్లలో కొవ్వొత్తి సూసి పల్లెలో అంగళ్లు మూసినారు. ఎదురు పార్టీవోళ్లే సంపినారనుకొని మావోళ్లు కట్టెలు తీసుకొని వాళ్ల వీధికి పోతాంటే అడ్డం పడి ఆపితి. ఎవరు సేసినారిది?"

"నాకేం తెల్దప్పా. అంతా మా ఆడమనిషే. మొదట్నుంచీ ఆమే సేస్తాంది" అన్నాడు దేవపాలు.

లోపలి నుంచి కరుణమ్మ అంతా వింది. తన చేతి మీద ఏ తల్లి బిడ్డో పోయి ఉంటే? "తండ్రీ, కాపాడినావు" అనుకుంది. ఆ వెంటనే ఇంకొకటి తోచింది. మొదట్నుంచీ ఆమే. ఈ మాట ఆయన నోట వినడం ఇదే మొదలు.

"మా చర్చిలో ఏదిచ్చినా పోయినోళ్ల కోసమేన్నా. ఆ అలవాటున పెట్టేస్తి. తప్పు నాదే" అంది. 'దాతలు' అని కొత్త అర చేసి, ఫోటో అందులోకి మార్చి చూపించింది.

"బతికిచ్చినావులే తల్లీ" అని తిప్పన్న టీ తాగి పోయాడు.

జీపు సందు మలుపు తిరగగానే దేవపాలు అన్నాడు: "ఆదివారం సంఘం ముందర లేసి నిలబడి ఒప్పుకో. నా పరువు పోతాది లేకుంటే."

"ఒప్పుకుంటా" అంది. మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రతి పోస్టు కిందా రాసినవారి పేరు దేవపాలని ఉంది. ఖాతా అతని పేరునే తెరిచారు మరి. ఒక్కొక్కటే తెరిచి, ఆ పేరు తీసి కరుణమ్మ అని పెట్టసాగింది. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా లేవలేదు.

దేవపాలు వెనక నిలబడి చూశాడు. "ఇదేందే? సేసిందంతా ఊరికి సాటాల్నా? దేవునికి తెలిస్తే సాలదా?"

ఆమె తల తిప్పలేదు. "దేవునికి తెలిస్తే సాలేటట్టయితే, ఆదివారం నన్నెందుకు లేసి నిలబడమంటాండావు?"