తట్టా బుట్టా

ట్రంకుపెట్టెను వీపు మీద మోస్తూ మూడో అంతస్తు నుంచి దిగుతున్న దుర్గయ్య, మెట్ల మలుపులో ఎప్పటిలాగే ఎడమ భుజాన్ని గోడకు ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. అతని భుజం రాసుకునే ఆ చోట సున్నం ఏనాడో పోయింది.

ముంబైలోని కామాఠిపురా గల్లీల్లో నలభై ఏళ్ళుగా ఇదే పని. ఇళ్ళు మారేవాళ్ళ సామాను కిందికి దించాలి, తోపుడుబండి మీద తాళ్ళతో బిగించాలి, టెంపో ఆగే ఫోరస్ రోడ్డు దాకా నెట్టాలి. కొత్త కోడళ్ళ అద్దాల బీరువాలను పైకెక్కించింది అతనే. వాళ్ళు ముసలివాళ్ళయ్యాక అవే బీరువాలను దించిందీ అతనే. ఎవరి మంచానికి ఏ కాలు విరిగిందో, ఎవరి పరుపు కింద ఏ ఉత్తరాలున్నాయో తెలుసు. ఎవరికీ చెప్పడు. భార్య పోయాక అతని సొంత సామాను ఒక్క సంచిలోకి వచ్చేసింది.

ఈ రోజు పెంటమ్మ గది వంతు. ఈ చాల్‌ను, వరస గదుల పాత మేడను, పడగొడుతున్నారు; మధ్యాహ్నానికల్లా తాళాలు ఇచ్చేయాలి. ఆ అంతస్తులో మిగిలిన తెలుగిల్లు అదొక్కటే. దుర్గయ్య రోజూ పొద్దున చాయ్ తాగేది ఆ గడప దగ్గరే.

పెట్టెను బండి మీద పెట్టి మళ్ళీ పైకి వచ్చేసరికి, డెబ్భై ఎనిమిదేళ్ళ పెంటమ్మ ఆ గడప మీదే బిగుసుకుని కూర్చుంది. పక్కన ఒక ఇనుప తట్ట, దాని మీద ఒక వెదురు బుట్ట.

"కాకా, జర నువ్వన్న చెప్పు," అంది పెంటమ్మ మనవడు హితేష్ భార్య ప్రాజక్త, కొంగుతో మెడ తుడుచుకుని తట్టను చూపిస్తూ. "విరార్‌ల కిరాయి గది గింతే ఉన్నది. ఈ ఘమేలా భంగార్‌కు, పాత ఇనుమోనికి ఇద్దామంటే ఆజీ లేస్తలేదు."

"నన్ను గుడ తూకమేసి ఇయ్యి, పీడ పోతది," అంది పెంటమ్మ.

"నిన్నెవడు కొంటడక్కా? అంతా తుప్పే," అన్నాడు దుర్గయ్య.

పెంటమ్మ పెదవి బిగించి నవ్వు ఆపుకుంది కాని లేవలేదు.

ప్రాజక్తది సాతారా, మరాఠీ పిల్ల. పెళ్ళయ్యాకే తెలుగు నేర్చుకుంది. "హితేష్ ఫోన్ల చెప్పిండు, తట్టాబుట్టా సర్దుండ్రి అని. సామాన్ అంతా సర్దిన. ఇంకేంది కాకా?"

దుర్గయ్య గడప ఇవతల గొంతుక్కూర్చుని తట్ట అంచును బొటనవేలితో తడిమాడు.

"తట్టాబుట్టా అంటే గివే బిడ్డా. మా తాతలు పాలమూరు నుంచొచ్చి ఈ బొంబాయిల మట్టి మోసిరి. పగలు తట్టల మట్టి. పని బంద్ అయినంక దాన్నే కడిగి జొన్నపిండి పిసికేటోళ్ళు. బుట్టల పసిపిల్ల. కూలోళ్ళ మీద పెత్తనం చేసే ముకద్దమొచ్చి ఇంకో కాడికి నడువుండ్రి అంటే గిన్నె, చీర, దేవుని పటం, అన్నీ ఈ రెండిట్లనే. పట్టిందే సంసారం. పట్టనిది ఆడనే ఇడిసిపెట్టి పోయిండ్రు. గందుకే ఇల్లు మారుతుంటే ఆ మాట అంటం."

"ఈ బుట్టల పిల్లనా?"

"నేనే," అంది పెంటమ్మ. "వర్లిల గోడలు లేస్తుంటే మాయమ్మ నన్ను దీంట్ల ఏసి నీడకు పెట్టేదంట. నీడ జరిగితే బుట్ట జరిపేది. ముకద్దమ్ తిట్టినా, తట్ట దించొచ్చి జరిపేది."

ప్రాజక్త బుట్టను ఎత్తి లోపలి దుమ్ము దులిపింది. తర్వాత లోపలికి వెళ్ళి, పొద్దున కట్టిన సంచి తెచ్చి ముడి విప్పింది. దేవుడి పటం, మందుల డబ్బా, రెండు చీరలు తీసి తట్టలో పేర్చింది. స్టీలు గ్లాసులు బుట్టలో పెట్టింది.

"ఖాళీది తీస్కపోతే హితేష్ భంగార్ అంటడు," అంది. "నింపి తీస్కపోతే సామాన్ అంటడు. చల్, లే ఆజీ."

పెంటమ్మ దుర్గయ్య భుజం పట్టుకుని లేచింది.

ఫోరస్ రోడ్డులో సామాను ఎక్కించాక, టెంపోలో డ్రైవరు పక్కన, ఒళ్ళో తట్టతో కూర్చుంది. బుట్ట ప్రాజక్త చేతిలో ఉంది.

"పైలం తమ్మీ," అంది పెంటమ్మ.

"పోయొస్త అనక్కా."

"యాడికొస్త? ఈ చాల్ గుడ ఉండది."

దుర్గయ్య టెంపో తలుపు మూసి, గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. టెంపో మలుపు తిరిగింది.

పెంటమ్మ గదికి తాళం వేయడానికి తిరిగి చాల్‌కు వచ్చి పైకి వెళ్ళాడు. పటాలు తీసిన చోట గోడ తెల్లగా ఉంది. కిటికీ గట్టు మీద, తట్ట మోసేటప్పుడు దాని కింద నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్ట ఒకటి మిగిలిపోయింది. పాత చీరపేలికలతో మెలిపెట్టినది, ఒకవైపు అణిగి, తలనూనె మరకతో నల్లబడినది.