హామీ సంతకం

“టీలో పంచదార వెయ్యకు, మేనేజరుగారికి పడదట!” ముందుగదిలోంచి భర్త కేకేశాడు.

స్టవ్ ముందున్న ఆమె అప్పటికే పంచదార డబ్బా మూత పెట్టేసింది. బ్యాంకు మేనేజరుకి పంచదార పడదని ఆ ఇంట్లో మొదట తెలిసింది ఆమెకే. నిరుడు నాలుగు నెలలపాటు ఆ బ్యాంకు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది ఆమే కదా.

వాళ్ళది టమాటా గుజ్జు తీసి డబ్బాలకెత్తే చిన్న ఫ్యాక్టరీ. మామగారు పోయాక భర్త పేరుకి మారింది. సీజన్లో కూడా వారానికి మూడు రోజులు యంత్రాలు ఊరికే పడి ఉండటం పెళ్ళైన పదకొండేళ్ళుగా చూస్తూనే ఉంది. రైతులు నాట్లప్పుడు వ్యాపారుల దగ్గర అప్పు చేస్తారు, మంచి కాయంతా వాళ్ళకే తోలాలి. ఏరి పక్కన పడేసిందే ఫ్యాక్టరీకి దక్కేది. కాయ రాని రోజున కూడా కూలీలకి కూలి ఇవ్వాల్సిందే. నష్టం మొదలయ్యేది ఫ్యాక్టరీలో కాదనీ, చేలో నారు నాటే రోజుననీ ఆమెకి తట్టింది. విత్తనానికీ ఎరువుకీ బ్యాంకే రైతుకి అప్పిస్తే? ముందే మాట్లాడుకున్న ధరకి కాయ ఫ్యాక్టరీకి వస్తే, ఆ డబ్బులోంచి బ్యాంకు బాకీ తీర్చి మిగతాది రైతు చేతిలో పెడితే? “ఎండనపడి చేలెంబడి తిరగడానికి నీకింట్లో పనేం లేదా?” అంది అత్తగారు. “ఇవి వంటింటి లెక్కలు కావు” అని నవ్వాడు భర్త. అయినా తిరిగింది. వండిపెట్టి వెళ్ళి, తిరిగొచ్చి అంట్లు తోముకుంటూ నలభై ఇద్దరు రైతుల్ని ఒప్పించింది.

ఆ సీజనంతా యంత్రాలు ఒక్కరోజూ ఆగలేదు. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి లాభం వచ్చింది. ఆ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలని ఇల్లంతా కలయతిరిగింది. భర్త ఫోన్లో స్నేహితుడితో “నేనప్పుడే అనుకున్నా” అంటున్నాడు. “మావాడి చెయ్యి మంచిది” అంది అత్తగారు. అక్కకి ఫోన్ చేస్తే “పోన్లేవే, మీ ఆయన అదృష్టవంతుడు” అంది. ఫోన్ పెట్టేసి గోదాములోకి వెళ్ళి, డబ్బాల వరసల మధ్య చాలాసేపు నిలబడింది. అక్కడ ఆమెని ఏదో ఒకటి తెమ్మని అడిగేవాళ్ళు లేరు. చెబితే వినేవాళ్ళూ లేరు.

టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. “ఈసారి నూట ఇరవై మంది రైతులకి ఇద్దాం సర్, అంతా మీ చలవ” అని భర్తతో అంటూనే మేనేజరు ఆమె వైపు ఒక కాగితం జరిపాడు. “అమ్మా, నిరుటి లాగే హామీదారు దగ్గర ఒక్క సంతకం.”

అప్పు మునిగితే హామీ కింద, అమ్మ తన పేర రాసిన ఇంటిస్థలం పోతుంది. లాభం వస్తే తనకి కడగడానికి కప్పులు మిగులుతాయి.

“ఇక్కడ పెట్టను,” అంది. “ఫ్యాక్టరీలో సగం వాటా నా పేర రాస్తే, యజమాని దగ్గర పెడతాను.”

నవ్వబోయిన భర్త ఆగిపోయాడు. “సర్ ముందర ఏంటిది?” అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మేనేజరు కప్పు కిందపెట్టాడు. “అలాగైతే కాగితాలన్నీ మళ్ళీ రాయాలమ్మా. వారం పడుతుంది.”

“వారమా? ఈలోగా నాట్లయిపోవూ!” భర్త గొంతు పెంచాడు.

ఆ గదిలో తన వైపు మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరని ఆమెకి తెలుస్తూనే ఉంది. అయినా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నాట్లు ఇంకా పన్నెండు రోజులకి,” అంది. “వారం చాలు.”