తడి తగలని చెయ్యి

భూమేష్ చేతిగడియారం కొన్న నాటి నుంచి సంధ్యారాణికి ఇంటిపనిలో ఒక చెయ్యి తక్కువైంది. ఆ చెయ్యి ఆమె అత్త వెంకవ్వది.

అంతా నరహరి వల్లే. దుబాయిలో ఒక పెద్ద మాల్‌లో పనిచేసి వచ్చిన నరహరి, ఆర్మూర్ బస్టాండు పక్కన చాయ్ తాగుతూ భూమేష్‌కు ఒక సంగతి చెప్పాడు. కొన్ని గడియారాలు డబ్బులిచ్చినా దొరకవట. పేరు రాయించుకుని ఎదురుచూడాలట. కొన్న రోజు నుంచి రేటు పెరుగుతూనే ఉంటుందట.

ఆ ఏడు పసుపుకు మంచి ధర పలికింది. భూమేష్ ఇంటికొచ్చి భార్యకు లెక్క చెప్పాడు. "పసుపును ఆపితె పుర్గు వడ్తది. గడియారానికి పుర్గు వడదు గదా!"

హైదరాబాదు షోరూములో అద్దాల వెనక గడియారాలు వరసగా మెరుస్తున్నాయి. భూమేష్ ఒకటి చూపించి ఇయ్యమన్నాడు. అది చూడ్డానికే సార్, అమ్మడానికి కాదు అన్నాడు టై కట్టుకున్న అబ్బాయి. పక్కది అడిగాడు. పక్కదీ చూడ్డానికే.

"మరి అమ్మేటియి ఏడున్నయి?"

"లేవు సార్."

"లేనియి ఎట్లమ్ముతరయ్యా?"

"పేరు రాసుకుంటాం సార్."

సరుకు లేకుండా ఇంత ఏసీ నడిపే దుకాణాన్ని భూమేష్ ఎన్నడూ చూడలేదు. అందుకే నమ్మకం కుదిరింది. పేరు రాయించి వచ్చాడు. ఏడాది దాటాక ఫోనొచ్చింది. ఈలోగా రేటు రెండుసార్లు పెరిగింది. పెరిగినప్పుడల్లా భూమేష్ మీసం దువ్వుకున్నాడు. "ఇంక కొననే లేదు గద, నువ్వెందుకు సంబురపడ్తున్నవ్?" అని సంధ్యారాణి అడిగేదాకా అతనికి తట్టలేదు.

తీరా గడియారం ఇంటికొచ్చాక అందులో బ్యాటరీ లేదని తెలిసింది. చేతికి ఉండాలి, చెయ్యి కదలాలి, అప్పుడే నడుస్తుంది. పెట్టుకుని పొలానికి పోతే గీతలు పడతాయి. బీరువాలో పెడితే ఆగిపోతుంది. ఆగినా మళ్లీ కదిలిస్తే నడుస్తుందని నరహరి ఫోన్‌లో ఎంత చెప్పినా భూమేష్ వినలేదు.

"ఆగిన గడియారాన్ని ఎవడు కొంటడన్నా? కొత్తది కొత్త తీర్గనే ఉండాలె."

సంధ్యారాణి చేతికి పెడదామంటే గాజులు తగిలి గీతలు పడతాయి. ఇక మిగిలింది గాజుల్లేని వెంకవ్వ చెయ్యి. పొద్దున లేస్తే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే చెయ్యి. దానికి మించిన చెయ్యి ఆర్మూర్ మొత్తంలో దొరకదనిపించింది భూమేష్‌కు. అద్దం మీది ప్లాస్టిక్ పొర తియ్యకుండానే గడియారాన్ని తల్లి ముంజేతికి పెట్టి షరతులు చెప్పాడు. నీళ్లు తగలొద్దు. గిన్నెలు తగలొద్దు. పీచు, సబ్బు అసలే ముట్టొద్దు.

గడియారంతో వచ్చిన పుస్తకంలో, అదే గడియారం పెట్టుకుని సముద్రం అడుగున ఈదుతున్న మనిషి బొమ్మ ఉంది. సంధ్యారాణి దాన్ని భర్త ముందు పెట్టింది. "గీయన జూడు, సముద్రంల మునిగిండు. అత్తమ్మ రెండు గిన్నెలు కడ్గితె ఏమైతది?"

"ఆయనకు మళ్ల అమ్ముకునే పని లేదు" అన్నాడు భూమేష్.

అంతవరకు అంట్లు తోమేది వెంకవ్వ. బియ్యం కడిగేది, కూరగాయలు కడిగేది కూడా ఆమే. ఇప్పుడు అంట్ల గంప వంక చూసి నిట్టూర్చేది. "నాకేం బాధ లేదే పిల్లా. కొడుకే తడి తగలొద్దన్నడు, నేనేం జెయ్యాలె?" అనేది. చాట ముందు కూర్చుని చుట్టుపక్కల ఆడవాళ్లకు చెయ్యి తిప్పి తిప్పి చూపించేది. వాళ్లలో అంజవ్వ టైమెంతయిందని అడిగితే గడియారాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "మస్తయింది" అనేది.

పసుపు చూడ్డానికి వచ్చిన హన్మాండ్లు సేటు, పసుపు వదిలేసి వెంకవ్వ చెయ్యి చూశాడు. గడియారం తనకిమ్మన్నాడు. కొన్నదానికి మీద లాభం కూడా ఇస్తానన్నాడు.

"ఇయ్య సేటూ. ఇంకో ఏడాది ఆపుత" అన్నాడు భూమేష్.

"ఆపు బిడ్డా, ఆపు!" అంది వెంకవ్వ చాట దగ్గరి నుంచి.

లోపల అంట్ల ముందున్న సంధ్యారాణికి ఇంకో ఏడాది గిన్నెలన్నీ ఒకదాని మీద ఒకటి ఆకాశం దాకా కనిపించాయి.

ఆ తర్వాత కార్ఖానాకు తునికాకు రావడం ఆగిపోయింది. ఆకు లేక బీడీల పని లేదు. వెంకవ్వ చాటను మేకుకు తగిలించి, మంచం మీద చేతులు చాపుకుని హాయిగా పడుకుంది. రెండో రోజో మూడో రోజో పొద్దున్నే భూమేష్ చూసేసరికి ముల్లు కదలడం లేదు. అవ్వ చెయ్యి పట్టుకుని గబగబా ఊపాడు.

వెంకవ్వ ఉలిక్కిపడి లేచింది. "ఏందిరో! సచ్చిన్ననుకున్నవా, గట్ల గుంజుతున్నవ్?"

"నువ్వు గాదవ్వా, గడియారం సచ్చింది!"

నాలుగు ఊపులకు ముల్లు కదిలింది. కాని ఒట్టి చెయ్యి ఊపుతూ కూర్చోవడానికి వెంకవ్వ ఒప్పుకోలేదు. "ఆకు లేంది, తంబాకు లేంది చెయ్యి ఊపితె జనం ఏమనుకుంటరు? జెబ్బ గుంజవట్టింది. నాతోని కాదు."

సంధ్యారాణి ఎడమచేతి గాజులన్నీ కుడిచేతికి ఎక్కించుకుని వచ్చి నిలబడింది. "నాకియ్యి. నేనూపుత."

భూమేష్‌కు వేరే దారి లేదు. గడియారం పెట్టుకుని ఆమె మంచం మీద కూర్చుంది. ఎడమచేత్తో విసనకర్ర తీసుకుని విసురుకుంది. కాసేపు తనకు, కాసేపు అత్తకు.

"అంట్లో?" అన్నాడు భూమేష్.

"తడి తగలొద్దు గదా" అంది ఆమె.

భూమేష్ తల్లి వైపు చూశాడు. వెంకవ్వ జెబ్బ పట్టుకుని మూలిగింది.

ఆ పూట అంట్లు అతనే తోమాడు. మర్నాడు అంట్లతో పాటు బట్టలు ఉతికాడు. ఆ మర్నాడు చేపలు తెమ్మని వెంకవ్వకు కోరిక పుట్టింది. చేపలు కడిగాక, అవి వేయించిన పెనం తోముతూ తోముతూ మధ్యలో చెయ్యి తుడుచుకుని హన్మాండ్లు సేటుకు ఫోన్ చేశాడు.

సేటు వెంటనే వచ్చాడు. మార్కెట్‌లో రేట్లన్నీ కంప్యూటర్‌లో వస్తున్నా, పాతకాలపు పద్ధతిలో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటే తప్ప ఆయనకు బేరం చేసినట్టుండదు. భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీద కప్పాడు. భూమేష్ ధీమాగా వేళ్లు చాపాడు. సేటు వాటిని పట్టుకుని ఆగిపోయాడు.

"ఏందిరా, వేళ్లు నానవెట్టిన పల్లికాయల లెక్కున్నయి?"

"పసుపు ఉడకవెట్టినం సేటూ."

సేటు తువ్వాల ఎత్తి చూశాడు. "పసుపు ఉడకవెట్టినోని వేళ్లు పచ్చగుంటయి. గివి తెల్లగున్నయి. సబ్బు వాసనొస్తున్నయి." మంచం మీద విసురుకుంటున్న సంధ్యారాణిని, బయట బోర్లించిన గిన్నెల్ని చూశాడు. మళ్లీ తువ్వాల కప్పి, మొన్న ఇస్తానన్న లాభమంతా నెమ్మదిగా వేలు తర్వాత వేలుగా వదిలేశాడు. చివరికి కొన్న ధర మిగిలింది.

"గట్లనే తీస్కపో సేటూ" అన్నాడు భూమేష్.

గడియారం వెళ్లిపోయింది. సంధ్యారాణి గాజులు సర్దుకుని, అంట్ల గంప తెచ్చి అత్త ముందు పెట్టింది. "ఇగ పట్టు అత్తమ్మా."

వెంకవ్వ చెయ్యి చాపి చూపించింది. నెలల తరబడి గడియారం ఉన్న చోట ముంజేతి చుట్టూ తెల్లటి చార పడింది. "గీ చార మీద సబ్బు వడితె మండుతదేమో పిల్లా. గిది పొయ్యేదాక ఆగుదాం."

సంధ్యారాణి ఆ చారను చూసింది. పోవడానికి చాలా రోజులు పట్టేలా ఉంది. గంపను రెండు చేతులతో ఎత్తి, తీసుకెళ్లి భూమేష్ ముందు దించింది.

"నాకెందుకు? గడియారం పోయింది గదా!" అన్నాడతను.

"గడియారం పోతె ఏమాయె? నీకు చెయ్యి తిరిగింది" అంది సంధ్యారాణి. "అత్తమ్మ తోమినప్పుడు గా పెనం గిట్ల మెరవనే లేదు."

భూమేష్ పెనం వంక చూశాడు. నిజంగానే మెరుస్తోంది. పీచు అందుకున్నాడు.