ఏ ముఖం పెట్టుకొని

రాజమౌళి బొమ్మ చేయించాలన్న కోరిక అతని తల్లి రాములవ్వది. దానికి శుక్రవారం ముహూర్తం పెట్టిన తెలివి మాత్రం కోడలు రాజమణిది.

రాజమౌళి ఒకప్పుడు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. అవి వారంలో మూడు రోజులు ఆగడం మొదలయ్యాక, రెండేళ్లలో తిరిగొచ్చి సొంతంగా నాలుగు సాంచాలు పెడతానని చుట్టాలందరికీ చెప్పి దుబాయి పోయాడు. ఆ రెండేళ్లకు ఇప్పటికి పదకొండేళ్లు. కంపెనీవాళ్లు పాస్‌పోర్టు పట్టుకుని ఇవ్వకపోతే బయటపడి ఖల్లివెల్లి అయ్యాడు. కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాణ్ణి అక్కడా అదే అంటారు, వాళ్ల ఊరు కోరుట్లలోనూ అదే అంటారు.

ఖల్లివెల్లి అయిన నాటి నుంచి రాజమౌళికి ముఖం లేదు. ప్రతి శుక్రవారం మూడింటికి ఇమోలో వీడియో కాల్ చేస్తాడు. వీడియోలో అతని గది ఫ్యాను తిరుగుతుంటుంది, మాట వినిపిస్తుంటుంది. ముఖం చూపించమంటే "ఎవలన్న జూస్తరే" అంటాడు. అతను పోయిన తర్వాత పుట్టిన కూతురు దీప, మాటలు నేర్చే వయసులో "మీ బాపు ఏడే?" అని అడిగితే తలెత్తి ఇంట్లో ఫ్యాను చూపించేది. ఇప్పుడు పెద్దదయింది, చూపించదు. కరెంటు పోయినప్పుడు మాత్రం "బాపు ఆగిండు" అంటుంది.

ఇన్నాళ్లకు అక్కడ ఆమ్నెస్టీ పడింది. నెలాఖరులోగా దరఖాస్తు పెట్టుకుంటే జైలు లేకుండా ఇంటికి పంపిస్తారు. పక్కింటాయన అట్లా తిరిగొచ్చాడు, ఎదురింటాయన తిరిగొచ్చాడు. రాజమౌళి మాత్రం ఫ్యాను చాటు నుంచి "ఏ ముఖం పెట్టుకొని రావాలె?" అంటాడు. నెలాఖరు ఇంకా పది రోజులుంది.

అందుకే ఆ శుక్రవారం అత్తాకోడళ్లు జగిత్యాల బస్సెక్కి మెహజబీన్ ఇంటికి వచ్చారు. మెహజబీన్ వినాయకుడి బొమ్మలు పోసేవాళ్లకు నమూనాలు చెక్కి ఇస్తుంది. మట్టి లేదు, ఉలి లేదు, కంప్యూటర్ ముందు కూర్చుని చేతిలో ఒక పెన్నుతో చెక్కుతుంది. పోయినవాళ్ల ఫోటోలు తెచ్చిస్తే మిషను మీద జానెడు బొమ్మలు కూడా తీసిస్తుంది. అందుకే రాములవ్వ ముందే కట్టడి చేసింది: "నా కొడుకునొక్కన్నే చెయ్యకు బిడ్డా, అపశకునం. ఇంటిల్లిపాదిని చెయ్యి. వాన్ని ముందట నిలవెట్టు."

మెహజబీన్ అట్లాగే నిలబెట్టింది. తెర మీద బూడిద రంగులో నలుగురున్నారు. అందరికంటే ముందు పెళ్లి ఫోటోలోని రాజమౌళి, నిండు మీసంతో, ఛాతీ విరుచుకుని. అతని వెనక రాజమణి చీర అంచు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"అక్కా, నీ ముఖం సరిజేయాలె. భాయ్ అడ్డమున్నడు," అంటూ మెహజబీన్ తెర అంచున ఒక గీత మీద ఉన్న చుక్కను పెన్నుతో పట్టుకుని పక్కకు జరిపింది. రాజమౌళి పలచబడ్డాడు. ఇంకాస్త జరిపింది. ఛాతీలోంచి రాజమణి ముక్కు, చెవి, కొప్పు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

రాములవ్వ కుర్చీలోంచి లేచింది. "ఆపు బిడ్డా! నా కొడుకును మాయం జేస్తున్నవేంది?"

"మాయం జేసుడు గాదవ్వా. ముందటోడు అడ్డమొస్తే ఎన్కటోల్లను చెక్కరాదు. గందుకే పల్చగ జేసుడు. గిది నా కండ్లకే. మిషన్లకెల్లి వచ్చేటప్పుడు నిండుగనే వస్తడు."

"నిండుగ తియ్యకు చెల్లె," అంది రాజమణి. "పదకొండేండ్ల సంది గట్లనే ఉన్నడు. సరిగ్గ కుదిరిండు."

"నీ నోట్లె మన్నువడ!" అంది రాములవ్వ. కానీ కోడలు చెప్పినదాంట్లో తప్పేమిటో వెంటనే తోచక మళ్లీ కూర్చుంది.

మూడింటికి ఫోను మోగింది. ఫ్యాను వచ్చింది. రాజమణి ఫోను తిప్పి కంప్యూటర్ వైపు పెట్టింది.

"ఏందే అది?" అన్నాడు రాజమౌళి.

"ఇంటిల్లిపాది బొమ్మ. అవ్వ చేపిస్తుంది."

"నేనేడున్న?"

"ముందట్నే ఉన్నవు. మంచిగ జూడు."

ఫ్యాను ఒక్కసారి ఊగింది. "అరె, నా లోపల్నుంచి నువ్వు కనవడ్తున్నవు గదనే!"

"ఖల్లివెల్లికి గట్లనే చేస్తరట."

"గవి పోయినోల్లకు చేసే బొమ్మలు గదా? నేనేమన్న పోయిన్నా?"

"ఏమో మరి. మాకు ఫ్యాను దప్ప ఏం కనవడ్తలేదు."

రాములవ్వ కోడలి మోచేతిని గిల్లింది. రాజమణి చెయ్యి తీసుకోలేదు.

మెహజబీన్‌కు ఆ సంసారం సంగతి అవసరం లేదు, పని కావాలి. ఫోను దగ్గరికి వంగి, "భాయ్, నా దగ్గర పాత ఫోటోనే ఉంది," అంది. "ఇప్పటి ముఖం ఒక్కపారి చూపెడితే నిండుగ జేస్త. లేకుంటే గిట్లనే పంపిస్త."

ఫ్యాను తిరిగింది. మంచం కిర్రుమంది. ఫ్యాను పక్కకు ఒరిగి, గోడ మీద ఆరేసిన ప్యాంటు కనిపించి, ఆఖరికి తెర మీదికి ఒక మనిషి వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. మీసం సగానికి పైగా తెల్లబడింది. పైపళ్లలో ఒకటి లేదు.

"గీయన ఎవలే?" అంది రాములవ్వ. కళ్లు చికిలించి చూసింది. "అచ్చం మీ మామ లెక్కున్నడు."

"అవ్వా, నేనే," అన్నాడు ఆ మనిషి.

ఆమె ఫోను మీది మరక తుడిచింది. మళ్లీ తుడిచింది. మరక కాదని తెలిశాక కొంగు కళ్ల మీదికి పోయింది.

రాజమణి ఇంటి నుంచి బయలుదేరినప్పటి నుంచి మనసులో కూర్చుకున్న ఎత్తిపొడుపులు ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి. వాటిని అట్లాగే ఉంచుకుని ఫోనును మెహజబీన్ చేతిలో పెట్టింది.

మెహజబీన్ ఫోనును కంప్యూటర్‌కు ఆనించి పెట్టుకుని పని మొదలుపెట్టింది. పాత రాజమౌళిని సగం పలచగా ఉంచి, అతని లోపల అచ్చం అట్లాంటివాణ్ణే ఇంకొకణ్ణి నిలబెట్టింది. లోపలివాడి బుగ్గలు నొక్కింది, భుజాలు దించింది, కళ్ల కింద రెండు గీతలు లాగింది. పైవాడు పొగలా ఉన్నాడు, లోపలివాడు చిక్కిపోతున్నాడు. ఇద్దరికీ మధ్య చుట్టూరా వేలెడంత సందు ఏర్పడింది. ఆ సందును రాజమణి చాలాసేపు చూసింది.

"అక్కా, ఎవలిని ఉంచాలె?" అంది మెహజబీన్. "పోరడు మస్తున్నడు. బొమ్మకైతే గాయనే బాగుంటడు."

రాములవ్వ కోడలి వైపు చూసింది. ఫోనులోని మనిషి కూడా చూశాడు.

"లోపలాయననే ఉంచు," అంది రాజమణి. "వచ్చేటోడు గాయన్నే గదా." తర్వాత ఫోను చేతిలోకి తీసుకుంది. "ఏ ముఖం పెట్టుకొని రావాలె అంటివి. ఇగో, గీ ముఖమే పెట్టుకొని రా. ఇంకోటి ఎక్కడ దెస్తవు?"

అతను మీసం తడుముకున్నాడు. ముఖం మాత్రం ఈసారి తప్పించలేదు.

"దరఖాస్తుకు రెండు ఫోటోలు అడుగుతున్నరట," అన్నాడు చివరికి. "మీసానికి రంగేసుకొని దిగాల్నా?"

"ఏసుకోకు," అంది రాజమణి. "మల్ల గీ బొమ్మ జేసే పిల్లకు డబుల్ పని."